దుకాణంలో ఇచ్చే ఆరెంజ్ రంగు కారం డిప్ ఇంట్ల ఎట్ల చెయ్యాలె? మూడుసార్లు చెడగొట్టిన

ఆదివారం వంటోడు (హన్మకొండ), ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్తే. వంట నాకు వారంల ఒక్కరోజే. మా ఆవిడ స్టాఫ్ నర్సు. శనివారం నైట్ డ్యూటీ చేసి పొద్దున ఎనిమిదింటికి వచ్చి పండుకుంటది, కాబట్టి ఆదివారం పొయ్యి నాది. చికెన్ పకోడి, కీమా, బగారన్నం వరకు నాకు ఎవ్వరూ వంక పెట్టరు. నా బాధ వేరే.

మా బిడ్డ తొమ్మిదో తరగతి. ట్యూషన్ నుంచి వచ్చే తొవ్వల ఒక వేయించిన చికెన్ దుకాణం ఉన్నది. ఆ పిల్లకు కావాల్సింది చికెన్ కాదు, దాంతోని ఇచ్చే డిప్. ఆరెంజ్ రంగుల, చిక్కగ ఉంటది. ముక్క ముంచి లేపితే అంటుకొని ఉంటది, బొట్టు కూడ కింద పడదు. నోట్ల పెట్టుకోంగనే తియ్యగ తగుల్తది, ఎనుక పులుపు, మింగినంక ఎప్పటికో గొంతు కాడ మంట. గుప్పెట్ల పట్టేంత డబ్బా, నాలుగు ముక్కలకు ఖతం. దానికి ముప్పై రూపాయలు వేరే! మొన్న బిల్లు చూస్తే డిప్పులే నాలుగు, నూట ఇరవై. చికెన్ నేను ఇంట్ల అంతకంటె మంచిగ చేస్త. ఈ డిప్పు ఒక్కటి నా వల్ల అయితలేదు.

మొదటి ఆదివారం గడ్డపెరుగు తీసుకొని, కారం, ఉప్పు, వెల్లుల్లి వేసి మిక్సీ పట్టిన. ఎర్ర మజ్జిగ అయింది. మా బిడ్డ గ్లాసు తెచ్చి పక్కన పెట్టి పోయింది, ఏమీ అనలే.

రెండో ఆదివారం వీడియోల చూసి గుడ్డు లేని మయోనైజ్ (వెన్న లెక్క చిక్కగుండే తెల్ల సాస్) చేద్దామని పాలు, నూనె పెద్ద జార్ల పోసి తిప్పిన. రెండు నిమిషాలు తిప్పినా కింద పాలు, మీద నూనె, ఎవనిది వానికే. ఇంకా తిప్పితే చిక్కబడ్తదేమో అనుకున్న. జార్ వేడెక్కింది గానీ అది మాత్రం చిక్కబడలే.

మూడో ఆదివారం, అంటే ఇయ్యాల, హ్యాండ్ బ్లెండర్ కొన్న (దీని పైసలతోని డిప్పులు ఎన్ని వస్తుండెనో లెక్క నేనూ వేసిన, మీరు వెయ్యకుండ్రి). మయోనైజ్ అయితే వచ్చింది, తెల్లగ, మంచిగనే. సంబరపడి పొయ్యి మీద కడాయిల నూనె పొగలు వచ్చేదాక కాగబెట్టి, రెండు చెంచాల కారం వేసి, దాన్ని తెచ్చి ఇందుల కలిపిన. రంగు ఆరెంజ్ రాలే, ఇటుక రంగొచ్చింది. చేదు. కారం ఎంతంటే మా ఇంట్ల కారం పొడి తేజ మిర్చిది, మా అమ్మ పట్టించి పంపుతది, ఆమె చేతి కొలతకే మేము కళ్ళల్ల నీళ్ళు పెట్టుకుంటం. దాన్ని తగ్గిద్దామని కెచప్ పోసిన, ఎనుక చిల్లీ సాస్ పోసిన. చివరికి చారు లెక్క అయింది.

గుడ్డుతోని చెయ్యమని చెప్పకుండ్రి. మా ఆవిడ పచ్చి గుడ్డు అంటేనే ఒప్పుకోదు. 2024 అక్టోబర్ 30న మన రాష్ట్రంల పచ్చిగుడ్డు మయోనైజ్ మీద ఏడాది నిషేధం పెట్టినప్పుడు ఫ్రిజ్ తలుపు మీద ఆ వార్త కట్టింగ్ అతికించింది. అంటే మా ఇంట్ల ఏడాది కాదు, శాశ్వత నిషేధం.

అడిగేది ఏందంటే: మిరప రంగు రావాలె, కారం తక్కువ ఉండాలె, చేదు రావొద్దు. చిక్కదనం పోవద్దు. ఆ దుకాణం రుచి ఎందుకు వస్తలేదో ఎవరికన్న తెలిస్తే చెప్పుండ్రి.

---

చట్నీ జార్ (విజయవాడ), ఆదివారం రాత్రి 10:25

అన్నయ్యా, మీ రెండో ఆదివారం నాకు బాగా తెలుసు, నేనూ అలాగే జార్ కాల్చుకున్నదాన్నే. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో పుట్టినరోజులకి సాయంత్రం పలహారాలు చేసి ఇస్తున్నాను, గుడ్డు లేని మయోనైజ్ వారానికి నాలుగుసార్లు చేస్తాను. కాబట్టి అది వరకు చెప్పగలను.

పెద్ద జార్‌లో బ్లేడు పైన ఉంటుంది, మీరు పోసిన పాలు దాని కిందే ఉండిపోతాయి. అది ఎంత తిరిగినా గాలిలోనే తిరుగుతుంది. హ్యాండ్ బ్లెండర్ కొన్నారు కనక ఆ గొడవ లేదు. దాంతో పాటు ఇచ్చిన పొడుగు గ్లాసు పారెయ్యలేదు కదా? అదే వాడండి. గిన్నె వెడల్పుగా ఉంటే రాదు.

కాచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టిన చిక్కటి పాలు 100 మిల్లీలీటర్లు, మీగడ తీసేసి. పావు చెంచా ఆవపొడి, అర చెంచా ఉప్పు. దాని మీద వాసన లేని నూనె, సన్‌ఫ్లవర్ గానీ రైస్ బ్రాన్ గానీ, 200 మిల్లీలీటర్లు. గానుగ వేరుశనగ నూనె వద్దు, డిప్ అంతా పల్లీ వాసనే వస్తుంది. ఆలివ్ నూనె బ్లెండర్‌లో తిప్పితే చేదొస్తుంది, అదీ వద్దు. పోసి ఒక నిమిషం ఆగండి, నూనె పైకి తేలాలి. ఇప్పుడు బ్లెండర్ తల గ్లాసు అడుగుకి ఆనించి ఆన్ చెయ్యండి. ఎత్తొద్దు! ఎంత చెప్పినా అందరూ ఇక్కడే ఎత్తేస్తారు. అడుగు నుంచి తెల్లగా పొగమంచులా పైకొస్తుంది, సగం గ్లాసు దాకా తెల్లబడ్డాక అప్పుడు నెమ్మదిగా పైకి లాగండి. ఇరవై సెకన్లు, ముప్పై సెకన్లు, అంతే. బ్లెండర్ శబ్దం మారుతుంది, గర్రుమన్నది కాస్తా బరువుగా మూలుగుతుంది. ఆ శబ్దం వచ్చిందంటే చిక్కబడింది.

వెనిగర్ చివర. ముందే వేస్తే పాలు విరుగుతాయి. చిక్కబడ్డాక ఒక చెంచా వేస్తే ఇంకా గట్టిపడుతుంది.

ఒకవేళ నూనె తేలిపోయిందా, పారబొయ్యకండి. కడిగి తుడిచిన గ్లాసులో రెండు చెంచాల చల్లటి పాలు తీసుకుని, అడుగున బ్లెండర్ తిప్పుతూ ఆ విరిగినదాన్ని కొంచెం కొంచెంగా పోస్తే మళ్ళీ కలుస్తుంది.

ఇందులో మాయేం లేదు. గుడ్డులో పచ్చసొన చేసే పని పాలలో మాంసకృత్తులు చేస్తాయి, నూనె బొట్టు బొట్టుకీ చుట్టూ అంటుకుని మళ్ళీ ఒకదానితో ఒకటి కలవకుండా ఆపుతాయి. ఆవపొడి కూడా ఆ పనే కొంచెం చేస్తుంది, అందుకే వేస్తాం. రుచికని కాదు. ఇందులో నీళ్ళు పెరిగితే పలచబడుతుంది, నూనె పెరిగితే గట్టిపడుతుంది. మీరు పోసిన కెచప్, చిల్లీ సాస్ రెండూ నీళ్ళే కదా. అందుకే చారైంది.

---

పెరుగన్నం (రాజమండ్రి), ఆదివారం రాత్రి 10:58

మామిడికాయ జాడీలో పైన తేలిన నూనె రెండు చెంచాలు గట్టి పెరుగులో కలుపుకుంటే అయిపోయే దానికి ఇంత పంచాయితీ ఏంటి బాబూ. పెరుగుని మిక్సీలో వేస్తే మజ్జిగ కాక ఏమవుతుంది. గుడ్డలో మూటకట్టి రాత్రంతా కుళాయికి వేలాడదీస్తే నీళ్ళన్నీ పోయి వెన్నలా మిగులుతుంది. చెంచాతో కలుపు, బ్లెండర్ ముట్టకు. మా రోజుల్లో ఈ డిప్పులూ గిప్పులూ లేవు, ఆవకాయే మా డిప్పు.

---

లెక్కల గుమస్తా (ఖమ్మం), సోమవారం ఉదయం 6:15

అన్నా, నేను మిర్చి కమీషన్ దుకాణంల లెక్కలు రాస్త. తేజతోని డిప్ చేసిన మనిషిని ఇదే మొదలు చూసుడు. దండం.

తేజ మా దిక్కు పంటే. సన్నగ, చిన్నగ ఉంటది, దాని గుణమే ఘాటు. యార్డుల బస్తా మూతి విప్పితే పక్క దుకాణపోళ్ళు కూడ దగ్గుతరు. దాని నుంచి రంగు రావాల్నంటే అంత పొడి పొయ్యాలె, అంత పోస్తే కారం. నీ చెంచాల లెక్కన ఆ ఇంట్ల ఎవరు తిన్నరో గానీ, నా తరఫున పలకరించు.

మీ వరంగల్ల చపాటా మిర్చి పండుతది కదా, దాన్ని వదిలి తేజ పట్టుకున్నవేంది? దొడ్డుగ, బుగ్గ లెక్క ఉంటది, టమాటా మిర్చి అని కూడ అంటరు. కారం తక్కువ, రంగు రక్తం లెక్క. 2025ల దానికి జీఐ గుర్తింపు (ఫలానా దిక్కు పంట అని సర్కారు ఇచ్చే ముద్ర) కూడ వచ్చింది. అది దొరకకపోతే బ్యాడగి, కర్ణాటక నుంచి వస్తది, ముడతలు ముడతలుగ ఉంటది, దాని రంగు కూడ మంచిగుంటది.

పొడి వద్దు. కాయలే తెచ్చుకో. ఆరు చపాటా కాయలు, తొడిమె తీసి, చీల్చి, లోపల గింజలు పట్టుకొని ఉండే తెల్లటి ఈనె ఉంటది చూడు, అది గోరుతోని గీకి తీసెయ్. అందరు కారం గింజలల్ల ఉంటదనుకుంటరు గానీ అసలు కారం ఆ ఈనెలనే. గింజలకు అంటుకునే కారమంతా దాంట్ల నుంచి వచ్చిందే. తీసినంక చేతులు కండ్లకు తగలనియ్యకు, మా దుకాణంల కొత్త పిల్లగాండ్లందరు మొదటి రోజు చేసే తప్పు అది.

కాయలు మునిగేటంత వేడి నీళ్ళల్ల ఇరవై నిమిషాలు నానబెట్టి, నీళ్ళు మొత్తం పిండేసి, మూడు చెంచాల వెనిగర్‌తోని చిన్న జార్ల మెత్తగ రుబ్బు. చాయ గాలించే జాలిల ఒత్తి తియ్యి. తోలు జాలిల మిగుల్తది, ఎర్ర ముద్ద కిందికి దిగుతది. ఆ ముద్దను కొంచెం నూనెల, సన్నని మంట మీద, బుడగలు వచ్చి పచ్చి వాసన పోయేదాక కలుపు. మిరప రంగు నూనెల కరుగుతది, నీళ్ళల్ల కరగదు. నూనె అంచుల ఎర్రగ కనబడితే దించేసెయ్. నువ్వు పొగలు వచ్చిన నూనెల పొడి వేసినవ్ కదా, అది మాడింది, అందుకే ఇటుక రంగు, అందుకే చేదు. పూర్తిగ చల్లారినంకనే మయోనైజ్‌ల కలుపు.

మంట ఎనుకకు రావాల్నంటే అప్పుడు మీ అమ్మ పంపిన తేజ పావు చెంచా వేసుకో. చిక్కటి నూనెల కలిసిన కారం నాలుకకు వెంటనే తగలదు, అందుకే నీ బిడ్డకు గొంతు కాడ తగుల్తుంది.

---

టెక్సాస్ ఎండ (డల్లాస్ దగ్గర), సోమవారం ఉదయం 8:50

ఇక్కడ ఆదివారం రాత్రి. అందరూ పడుకున్నాక చదువుతున్నాను, ఫ్రిజ్ తీసి పచ్చడి నాకి వచ్చాను మధ్యలో.

నేను ఎమ్మెస్ చేసేటప్పుడు యూనివర్సిటీ ఫుడ్ కోర్టులో రెండేళ్ళు పార్ట్‌టైమ్ చేశాను. వేయించిన చికెన్ కౌంటర్‌లో. అక్కడ ఇలాంటి డిప్ నా చేత్తో ఎన్ని డబ్బాలు కలిపానో లెక్కలేదు. మయోనైజ్ మేం చేసేవాళ్ళం కాదు, గాలన్ డబ్బాల్లో వచ్చేది, క్రిములు చచ్చేలా వేడిచేసి శుద్ధి చేసిన గుడ్డుతో చేసింది. మేం చేసేదల్లా అందులో కలపడమే. ఆ కలిపే దాంట్లో నేను చూసిన రెండు సంగతులు చెప్తాను, ఇవి వీడియోల్లో చెప్పరు.

ఒకటి, పచ్చి వెల్లుల్లి ఎప్పుడూ వెయ్యలేదు. వెల్లుల్లి పొడి, ఉల్లి పొడి. ఎండబెట్టిన వాటి రుచి వేరు, కాస్త తియ్యగా, చిప్స్ ప్యాకెట్ లోపల వాసనలా ఉంటుంది. మీ అమ్మాయి "దుకాణం రుచి" అనేది సగం ఇదే అయ్యుంటుంది. పచ్చి వెల్లుల్లి వేస్తే మొదట బాగానే ఉంటుంది, తెల్లారేసరికి ఘాటెక్కి డిప్ అంతా అదే అవుతుంది. పొడి దొరకకపోతే రెబ్బల్ని తొక్కతోనే పెనం మీద మెత్తబడేదాకా కాల్చి నలపండి.

రెండోది పెద్దది. కలిపిన రోజు వడ్డించేవాళ్ళం కాదు. రాత్రి మూసేటప్పుడు కలిపి ఫ్రిజ్‌లో పెట్టేవాళ్ళం, మర్నాడు వాడేవాళ్ళం. కలిపిన వెంటనే రుచి చూస్తే ఉప్పు వేరుగా, కారం వేరుగా, పులుపు వేరుగా తెలుస్తాయి. ఎండు పొడులు ఆ కాస్త తడిని పీల్చుకుని ఉబ్బాలి, దానికి గంటలు పడుతుంది. నేను చేరిన కొత్తలో కలిపిన వెంటనే రుచి చూసి, చప్పగా ఉందని ఇంకో చెంచా కారం వేసేశాను. మర్నాడు మధ్యాహ్నం ఒక పిల్లాడు వచ్చి, మూడు గ్లాసుల నీళ్ళు తాగి, ఇంకో డబ్బా అడిగాడు. మా సూపర్‌వైజర్ అప్పటి నుంచి నన్ను చెంచా ముట్టనివ్వలేదు.

ఇంకొకటి గుర్తొచ్చింది. వూస్టర్‌షైర్ సాస్ అని నాలుగు చుక్కలు వేసేవాళ్ళం. దానికోసం మీరు ఊరంతా తిరగొద్దు. సీసా వెనక చదివితే అందులో చింతపండు, చేప, వెనిగర్, బెల్లపు పాకం లాంటిది, ముఖ్యంగా ఇవే. ఒక పావు చెంచా చిక్కటి చింతపండు గుజ్జు, నాలుగు చుక్కల సోయా సాస్ వేస్తే దాని పని అయిపోతుంది. చింతపండు మన దగ్గర నుంచి వెళ్ళి, సీసాలోకి దూరి, తిరిగి మనకే ఖరీదుగా వస్తోంది.

ఉప్పు మాత్రం మీరు అనుకున్న దానికంటే కొంచెం ఎక్కువ పడుతుంది. నూనె అంతుంటే నాలుక మొద్దుబారుతుంది, చల్లగా ఉంటే ఇంకా.

---

చట్నీ జార్ (విజయవాడ), సోమవారం ఉదయం 9:30

చెల్లీ, పొడి మాట నిజం. నేనూ పచ్చి వెల్లుల్లి వేసి ఒకసారి కస్టమర్ దగ్గర మాట పడ్డాను.

అన్నయ్యా, వెల్లుల్లి పచ్చిదైనా కాల్చిందైనా ఒక జాగ్రత్త. నూనెలో ఉన్న వెల్లుల్లిని గది ఉష్ణోగ్రతలో పెట్టకండి. గాలి తగలని చోట పెరిగే ప్రమాదకరమైన సూక్ష్మజీవి ఉంటుంది, వాసన రాదు, రంగు మారదు. ఎప్పుడూ ఫ్రిజ్‌లోనే, మూడు రోజుల్లో అవగొట్టండి. వదినగారికి ఇది తెలిసే ఉంటుంది.

---

ఆదివారం వంటోడు (హన్మకొండ), సోమవారం రాత్రి 8:10

తెలుసు. పొద్దున ఫోన్ల ఇవన్ని చదివి వినిపిస్తుంటే మా ఆవిడ "వెల్లుల్లి" అన్న కాడ లేచి కూసున్నది, మీరు చెప్పిందే చెప్పింది, ఇంకా ఘోరంగ చెప్పింది.

గుడ్డు గురించి కూడ ఒక మాట అడిగిన, ఊరికెనే. పచ్చసొనను వెనిగర్‌తోని వేడి నీళ్ళ గిన్నె మీద పెట్టి కలుపుకుంట వేడి చేస్తే మంచిదే కదా అని. 71 డిగ్రీలు దాటితే పచ్చి గుడ్డుల ఉండే సాల్మొనెల్లా క్రిమి చస్తది, నిజమే అన్నది. మరి కొలుద్దామని మందుల డబ్బాల ఉన్న థర్మామీటర్ తీసిన. "అది 42 వరకే. నీకు జ్వరం వస్తే చూసుకో, గుడ్డుకు కాదు" అన్నది. అట్లనే డబ్బాల పెట్టేసిన.

ఆదివారం చేస్త. చపాటా కాయలు పావుకిలో తెచ్చిన.

---

ఆదివారం వంటోడు (హన్మకొండ), తర్వాతి ఆదివారం రాత్రి 10:05

చెప్తనన్న కదా. శనివారం రాత్రి చేసిన, ఆదివారం తిన్నం. జరిగింది జరిగినట్టు రాస్తున్న.

శనివారం ఆమె డ్యూటీకి పోయినంక పొడుగు గ్లాసు దిగబెట్టుకొని కూసున్న. మొదటిసారి బ్లెండర్ ఎత్తిన. చెల్లె ముందే చెప్పింది, అయినా చెయ్యి ఆగలే. నూనె తేలింది. కొత్తగ రెండు చెంచాల పాలు పోసి, విరిగినదాన్ని పోసుకుంట పోతే మళ్ళ కలిసింది. నిజంగ ఆ శబ్దం మారుతది! మూలుగుతది అన్నరు, నాకైతే ఎద్దు బండి గుట్ట ఎక్కుతున్నట్టు వినబడ్డది. ఆ వెన్న లాంటి దాన్ని చెంచాతోని లేపితే చెంచాకే నిలబడ్డది, నేను తలకిందులు చేసి కూడ చూసిన.

చపాటా ఈనె తీసుడు అర గంట పట్టింది. గ్లవ్స్ వేసుకున్న, ఇంట్ల డబ్బాలు డబ్బాలున్నయ్ కదా. జాలిల ఒత్తితే వచ్చిన ముద్ద రంగు చూసి నాకే భయమేసింది, అంత ఎరుపు. మయోనైజ్‌ల రెండు చెంచాలే వేసిన, అంతే, ఆరెంజ్! అచ్చం ఆ దుకాణం రంగు. మిగిలిన ముద్ద చిన్న సీసాల పెట్టిన.

లెక్క రాస్తున్న, ఎవరికన్న పనికొస్తది. పైన చెప్పిన మయోనైజ్ మొత్తానికి మిరప ముద్ద రెండు చెంచాలు, కెచప్ ఒక చెంచా (అంతకు మించితే జారుతది, నేను రెండోది వేసి చూసిన), చక్కెర చెంచాన్నర, వెల్లుల్లి పొడి అర చెంచా, ఉల్లి పొడి అర చెంచా, మిరియాల పొడి పావు చెంచా, తేజ కారం పావు చెంచాకు కొంచెం తక్కువ, చింతపండు గుజ్జు పావు చెంచా, సోయా నాలుగు చుక్కలు, ఉప్పు ముందు వేసింది కాక ఇంకో చిటికెడు. వెనిగర్ వేరే వెయ్యలే, ముద్దలనే ఉన్నది కదా.

కలిపి నాలుక మీద పెట్టుకుంటే చప్పగ ఉన్నది. చెయ్యి కారం డబ్బా మీదికి పోయింది. టెక్సాస్ చెల్లె మాట యాదికొచ్చి ఆగిన. మూత పెట్టి ఫ్రిజ్‌ల పెట్టిన. పొద్దున ఆమె డ్యూటీ నుంచి వచ్చి ఫ్రిజ్ తెరిచి, డబ్బా చూసి, ఏమీ మాట్లాడకుండ బ్యాగుల నుంచి ప్లాస్టర్ టేపు తీసి ముక్క చింపి మూత మీద అతికించింది. తారీకు, టైము, "72 గం." అని రాసింది. వార్డుల సెలైన్ సీసాకు రాసినట్టు.

మధ్యాహ్నం చికెన్ వేయించిన. మా బిడ్డ ఫోన్ చూసుకుంట వచ్చి ఒక ముక్క ముంచింది. నేను పొయ్యి దిక్కు తిరిగి నిలబడ్డ, చూడనట్టు. రెండో ముక్కకు ఫోన్ పక్కన పెట్టింది. "దీనికి ఎన్ని రూపాయలు తీసుకుంటవ్ నాన్న?" అన్నది. ముప్పై అన్న. "ఇయ్యను" అన్నది. డబ్బా మాత్రం తన దగ్గరికి జరుపుకున్నది.

ఇంకొక సంగతి, రాజమండ్రి పెద్దాయనకు. మీరు కోపం చేసిండ్రు గానీ నేను మీ మాట కూడ చేసిన. మా అమ్మ మామిడికాయ తొక్కు జాడీల మీద తేలిన నూనె, రాత్రంత మూటకట్టిన పెరుగు. రంగు వచ్చింది, ఆవఘాటు కూడ మంచిగ వచ్చింది. మా బిడ్డ ఒక్కసారి ముంచి "ఇది నానమ్మ తొక్కు" అని పక్కకు పెట్టింది. మా ఆవిడ నిద్ర లేచి రాత్రి జొన్నరొట్టెతోని మొత్తం ఊడ్చింది. నాకు మిగల్లే.

ఇప్పుడు కొత్త పంచాయితీ. రేపు స్కూల్ డబ్బాల ఈ డిప్ పెట్టాల్నంట. శాండ్‌విచ్‌ల వేసుకుంటదంట. మా ఆవిడ వద్దన్నది. నేనేమో గుడ్డు లేదు కదా, ఏమైతది అంటున్న. ఎవరు చెప్పింది నిజం?

---

చట్నీ జార్ (విజయవాడ), ఆదివారం రాత్రి 10:20

వదినగారిదే. గుడ్డు లేకపోయినా అందులో పాలున్నాయి, వెల్లుల్లి ఉంది. బయట ఎండ 32 డిగ్రీలు దాటితే గంట కంటే ఎక్కువ ఫ్రిజ్ బయట ఉంచకూడదు. పొద్దున ఏడున్నరకి డబ్బా కడితే పిల్ల తినేది పన్నెండున్నరకి.

---

పెరుగన్నం (రాజమండ్రి), ఆదివారం రాత్రి 10:31

జొన్నరొట్టెతో మీ ఆవిడ తిన్నది చాలు నాకు.

---

ఆదివారం వంటోడు (హన్మకొండ), ఆదివారం రాత్రి 10:40

ఓడిపోయిన. రేపు డబ్బాల చపాతీ, టమాట పచ్చడి. డిప్పు మీద ప్లాస్టర్ ఇంకా 48 గంటలు చూపిస్తున్నది, మంగళవారం సాయంత్రం ట్యూషన్ అయినంక సీదా ఇంటికే రమ్మన్న.